పాతిక చదరపు మీటర్ల సాక్షి

నేను పంట కోత ప్రయోగం తాడును. వరిచేలో అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పున చతురస్రం గీయడం నా పని. అందులోని పంటనే కోసి తూస్తారు. మిగతా రోజుల్లో మేకులతో, కాటాతో కలిసి ఓ గోనెసంచిలో పడుంటాను. రైతుకు బీమా అందుతుందా లేదా అన్నది తేల్చే లెక్కకు నేనే మొదలని నన్ను చూస్తే ఎవరూ అనుకోరు.

ఏ సర్వే నంబరులో దిగాలో ముందే ఖరారై ఉంటుంది. చేలో ఎక్కడ దిగాలో కూడా నా ఇష్టం కాదు, రైతు ఇష్టమూ కాదు. నైరుతి మూల నుంచి పొడవునా ఇన్ని అడుగులు, వెడల్పున ఇన్ని అడుగులు అని కాగితం మీది సంఖ్యలు చెబుతాయి. ఓసారి కోనసీమలో ఓ పెద్దాయన గట్టు మీంచి కేకేశాడు.

"ఆ పడిపోయిన చోట వెయ్యి బాబూ, నా నష్టం తెలుస్తది!"

"లెక్క ఎక్కడ పడితే అక్కడే వెయ్యాలి బాబాయ్," అన్నాడు వ్యవసాయ సహాయకుడు. పెద్దాయన గొణుక్కుంటూనే వచ్చి మేకు పట్టుకున్నాడు.

నాలుగు మేకులూ దిగాక ఎదురెదురు మూలల మధ్య టేపు పెడతారు. 7.07 మీటర్లు వస్తేనే మూలలు సరిగ్గా కుదిరినట్టు. అసలు తగువు నా అంచు దగ్గరే. నా కిందికొచ్చిన దుబ్బు లోపలిదా, బయటిదా? కంకి ఎటు వాలిందని కాదు, మొదలు ఎటుందో చూడాలి. హెక్టారులో నాలాంటి చతురస్రాలు 400 పడతాయి. ఇక్కడ వంద గ్రాములు ఎక్కువ తూగితే అక్కడ 40 కిలోలు పెరిగిపోతుంది. చతురస్రం చిన్నదయ్యేకొద్దీ అంచు పొరపాట్లు దిగుబడిని ఎక్కువ చేసి చూపిస్తాయని గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే ఏనాడో నిరూపించాడు.

ఇప్పుడు నాకు ఆకాశంలో తోడు దొరికింది. సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్లకు పది మీటర్లు. అందులో నాలాంటివి నాలుగు ఇముడుతాయి. పచ్చని ఆకు ఎర్రకాంతిని పీల్చుకుని, కంటికి కనబడని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఆ రెంటి తేడాను బట్టి పైరు ఎదుగుదలను అంచనా కడతారు. ఖరీఫ్‌లో మబ్బు పడితే ఈ చూపు ఆగిపోతుంది. అప్పుడు సెంటినెల్-1, మన ఈఓఎస్-04 లాంటి రాడార్ ఉపగ్రహాలు ఆదుకుంటాయి. దమ్ము చేసి నీరు నిలిపిన మడి రాడార్ చిత్రంలో నల్లగా పడుతుంది. నాట్లు నిలదొక్కుకుని దుబ్బు కట్టేకొద్దీ తెల్లబడుతుంది. ఎక్కడ నాటారు, ఎప్పుడు నాటారు అన్నది అలా తెలుస్తుంది.

కానీ పూత మీద వాన కొడితే? ఆకు పచ్చగానే ఉంటుంది, కంకిలో తాలు మిగులుతుంది. పైనుంచి చూసేవాడికి అది బాగా పండిన చేనే. కింద బరకం మీద నూర్చి, తూర్పారబట్టి, కాటా ఎక్కిస్తే గానీ అసలు సంగతి బయటపడదు. అలాగని నేను గొప్పలకు పోను. నాకు తెలిసింది పాతిక చదరపు మీటర్లే, ఉపగ్రహానికి మండలమంతా కనిపిస్తుంది. అందుకే నేను కొలిచిన చోటును ఫోనులో అక్షాంశ రేఖాంశాలతో నమోదు చేస్తారు. నా తూకాన్ని ఆ చిత్రాలతో సరిచూసుకునే దిగుబడి నమూనాలు తయారుచేస్తారు.

2023 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమా పథకంలో వరి, గోధుమ దిగుబడి లెక్కకు ఈ సాంకేతిక అంచనాను కనీసం 30 శాతం మేర కలుపుతున్నారు. మిగతా భారం ఇంకా నా మీదే. పైగా ఆ అంచనా కుదరాలన్నా నా తూకాలే ఆధారం. నేల మీద ఒక్క చేలో దొంగలెక్క రాస్తే, ఉపగ్రహం దాన్ని వందల చేలకు పాకిస్తుంది.

కాబట్టి రైతన్నలారా, మీ ఊళ్లో కోత ప్రయోగం జరిగే రోజు ఇంట్లో కూర్చోకండి. చేను మీది కాకపోయినా గట్టు మీదికి రండి. టేపు చదవండి, అంచు దుబ్బు మొదలు చూడండి, కాటా మీద అంకె చూశాకే కదలండి.