ముప్పై నిండని పెద్దాయన

"మా రోజుల్లో ఇలా ఉండేది కాదండీ" అని మా ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరో నిట్టూర్చారు. పెన్షన్ కాగితాలు సర్దుకుంటున్న పెద్దమనిషి కాబోలని వెనక్కి తిరిగి చూశాను. ఒత్తయిన నల్లజుట్టు, మెడలో ఐడీ కార్డు, చేతిలో అల్లం టీ. ముప్పై నిండలేదు. ఆయన తలుచుకుని నిట్టూర్చిన ఆ రోజులు 2018 నాటివి.

ఈయన టీమ్ లీడు. కింద ఆరుగురు పిల్లలు. పిల్లలంటే ఇరవై రెండేళ్లవాళ్లు, మొన్న మొన్న బీటెక్ పట్టా పుచ్చుకుని వచ్చినవాళ్లు. చేరిన మొదటిరోజు వాళ్లు "సర్" అంటే నొచ్చుకున్నాడు, నేనేమంత ముసలివాణ్నా అని. సరే కదా అని పేరు పెట్టి పిలిస్తే ఇంకా నొచ్చుకున్నాడు. చివరికి "అన్నా" దగ్గర రాజీ కుదిరింది.

"ఈ జెన్‌జీ వాళ్లున్నారే..." అని ఆయన మొదలుపెట్టాడంటే ఎదుటివాడి టీ చల్లారిపోవాల్సిందే. "వీళ్లకేమండీ, మెట్రో ఎక్కి ఏసీలో వస్తారు. నేను 10హెచ్ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వచ్చాను." నిజమే. ఆయన ఉద్యోగంలో చేరింది 2018 ఆగస్టులో. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో నడిచింది 2019 మార్చిలో. నడుమనున్న ఆ ఏడు నెలల్నీ ఆయన ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నట్టు చెప్పుకుంటాడు.

అంతకు ముందు అమీర్‌పేట అధ్యాయం ఒకటుంది. నలుగురున్న హాస్టల్ గది, నీళ్ల పప్పు, మైత్రీవనం దగ్గర కొన్న జిరాక్స్ నోట్సు, వాటితో జావా. "వీళ్లు ఏఐని అడిగి కోడు రాయించేస్తారు" అని ఆయన బాధ. మీరూ ఇంటర్నెట్‌లోంచి దించినవాళ్లేగా అన్నాను. "దించామండీ, కాదనను. కానీ గంటలు గంటలు వెతికి దించేవాళ్లం. ఇలా కూర్చున్నచోటికి తెప్పించుకోలేదు" అన్నాడు. ఆ శ్రమ విలువ నాకు అర్థం కావడానికి కొంత టైము పట్టింది.

ఆయనకు అసలు మింగుడుపడనిది వీళ్లు లీవు పెట్టే పద్ధతి. ఒక పిల్ల శుక్రవారం ఉదయం "ఈ రోజు మనసు బాగాలేదు, రావట్లేదు" అని గ్రూపులో మెసేజ్ పెట్టి ఫోన్ పక్కన పడేసింది. అడగడం లేదు, చెప్పడమే. కారణంగా జ్వరం కూడా లేదు! "మా అప్పుడు ఒక్కరోజు లీవు కావాలంటే కనీసం ఒక తాతయ్యనైనా చంపాల్సి వచ్చేది" అన్నాడు బరువుగా. ఆయన ఒక్క ఏడాదిలోనే తాతయ్యను మూడుసార్లు చంపాడు. ఆ తాతయ్య తెనాలి దగ్గర పల్లెటూళ్లో ఇప్పటికీ పొద్దున్నే పాలకేంద్రానికి నడిచి వెళ్లొస్తున్నాడు.

రెండో అధ్యాయం విధేయత. వీళ్లకు కంపెనీ మీద మమకారం లేదట. ఆయనకు మాత్రం చాలా మమకారం. మూడు కంపెనీల మీద, ఒక్కోదాని మీద రెండున్నరేళ్ల చొప్పున. మొన్న కరీంనగర్ కుర్రాడొకడు ఆఫర్ లెటర్ పట్టుకుని వచ్చాడు. "అన్నా, గ్రాట్యుటీ ఐదేండ్లు చేస్తెనే ఇస్తరట గదా, మరి సీటీసీల ఇప్పుడే ఎందుకు కలిపిన్రు?" అని అడిగాడు. "అవన్నీ నీకెందుకురా, ముందు పని నేర్చుకో" అని పంపేశాడు. ఆ రాత్రి ఇంటికెళ్లి తన మూడు ఆఫర్ లెటర్లూ బయటికి తీశాడు. మూడింటిలోనూ ఉంది. ఒక్కచోటా చేతికి రాలేదు. మర్నాడు ఆ కుర్రాడి గురించి, "ఈ తరానికి అన్నీ డబ్బు లెక్కలేనండీ" అని నాతో చెప్పాడు.

ఇంత తరాల జ్ఞానం ఉన్న మనిషిని వాళ్ల మేనేజరు ఒక్క మాటతో కూలదోశాడు. మేనేజరు వైటూకే రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని వచ్చిన మనిషి. ఏదో డెలివరీ ఆలస్యమైతే, "మీ జెన్‌జీ వాళ్లందరూ ఇంతేనయ్యా" అని లీడునీ ఆ ఆరుగురితోపాటు ఒకే గంపలో వేసేశాడు. లీడు మొహం ఎర్రబడింది. "సార్, నేను మిలీనియల్‌ని" అన్నాడు, మా వంశం వేరు అన్నట్టు.

రుజువూ ఉంది. అమెరికాలో ప్యూ అనే పరిశోధనా సంస్థ 1981 నుంచి 1996 దాకా పుట్టినవాళ్లు మిలీనియల్స్ అని గీత గీసింది. మనవాడి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నది 1996 జూన్ 10. గీతకు ఇవతలే, క్షేమంగా.

అయితే ఆ జూన్ 10 హెడ్మాస్టరు గారు పెట్టిన పుట్టినరోజు. 2001లో వాళ్ల నాన్న ఒకటో తరగతిలో చేర్చబోతే పిల్లాడికి అయిదేళ్లు నిండలేదు. "దానిదేముంది" అని ఆయన పెన్ను తీసి నిండించేశారు. మన ఊళ్లలో జూన్ నెలలో ఇంతమంది ఎలా పుట్టారో దేశదేశాల పండితులు వచ్చి తేల్చుకోవాలి. నాకూ రెండు పుట్టినరోజులున్నాయి కాబట్టి నేనెక్కువ మాట్లాడను. నిజానికి మనవాడు పుట్టింది 1997 కనుమ నాడు. గీత దాటి పదిహేను రోజులకు. ఆఫీసు కేకు జూన్‌లో కోస్తాడు, గారెలు జనవరిలో తింటాడు.

ఈ రహస్యం నిక్షేపంగా ఉండిపోయేదే, వాళ్లమ్మ సంబంధాలు చూడటం మొదలుపెట్టకపోతే. జాతకానికి సర్టిఫికెట్ తేదీ పనికిరాదు కదా. పైగా ఏడు నెలల వయసు తగ్గుతుందంటే ఏ తల్లి వదులుకుంటుంది? బయోడేటాలో అసలు తేదీ, గంట, నిమిషంతో సహా వేసి వాట్సాప్‌లో వదిలింది.

సోమవారం పొద్దున్న స్టాండప్ మీటింగ్ కాగానే పొన్నూరు కుర్రాడు ఆగాడు. అందరిలోకీ చిన్నవాడు, ఎక్కువ తిట్లు తినేవాడూ వాడే.

"మా పెద్దమ్మ కూతురికి సంబంధాలు చూస్తున్నారు. నిన్న మీ బయోడేటా వచ్చింది. 1997 కనుమంట కదా! అయితే మీరూ మావాళ్లేనన్నమాట."

లీడు నోట మాట రాలేదు. టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక కీబోర్డు మీద పెట్టాడు.

"ఇక అన్నా అనకూడదేమో కదండీ, బావగారూ?"