పద్దెనిమిది మీటర్లాయన

నానక్‌రామ్‌గూడలో ఇతణ్ణి గుర్తుపట్టడం తేలిక. ముంజేయి చూస్తే చాలు. చుట్టుపక్కల అందరి చేతికీ అడుగులు లెక్కపెట్టే గడియారం ఉంటుంది, ఇతని చేతికి మాత్రం లోతు లెక్కపెట్టేది ఉంటుంది. సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైన, దక్కన్ రాతిగుట్టల మీద లేపిన అద్దాల మేడలో, పన్నెండో అంతస్తు మీటింగ్ రూములో కూర్చుని, మధ్యమధ్యలో మణికట్టు తిప్పి చూసుకుంటాడు. లోతు సున్నా అని చూపిస్తుంది. సరేనన్నట్టు తలాడించి మళ్లీ స్క్రీన్ వైపు తిరుగుతాడు. ఇక్కణ్ణుంచి దగ్గర్లో సముద్రమంటే బాపట్ల దగ్గరి సూర్యలంకే, అది కూడా మూడు వందల కిలోమీటర్ల పైమాట. అయినా ఏ క్షణాన ఏ నీరు ముంచుకొస్తుందో ఎవరు చూడొచ్చారు!

ఈ చుట్టుపక్కల ఇలాంటివాళ్లు కొత్త కాదు. ముందు మారథాన్ పరిగెత్తేవాడు వచ్చాడు. తర్వాత బుల్లెట్ మీద లదాఖ్ వెళ్లొచ్చినవాడు. కరోనా రోజుల్లో ఇంట్లో బ్రెడ్డు పులియబెట్టేవాడు తయారయ్యాడు. వాళ్లను భరించగలిగాం, ఎందుకంటే పరుగు గురించి ఎంత చెప్పినా చివరికి అది పరుగే. ఇతని దగ్గర మాత్రం ఒక శాస్త్రం ఉంది.

సంగతేమిటంటే, సెలవు పెట్టి హావ్‌లాక్ వెళ్లాడు. 2018లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, 2024లో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురం చేశారు. ఇతని నోట మాత్రం హావ్‌లాక్ హావ్‌లాకే. "మేం హావ్‌లాక్‌లో ఉన్నప్పుడు" అని మొదలుపెట్టడంలో ఒక దర్జా ఉంది, దాన్ని ఏ గెజిట్టూ లాక్కోలేదు. అక్కడ ముందు లోతు తక్కువ నీళ్లలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మాస్కులోకి నీళ్లు ఎక్కించుకుని ముక్కుతో ఊది బయటికి తోయడం నేర్పారు. నోట్లోని రెగ్యులేటర్ వదిలేసి మళ్లీ వెతికి పట్టుకోవడం నేర్పారు. అద్దం మసకబారకుండా మాస్కు లోపల ఉమ్మి రుద్దమన్నారు. ఇంట్లో ఎవరైనా తన గ్లాసు ఎంగిలి చేస్తే మళ్లీ దాన్ని ముట్టని మనిషి, ఆ పని మారుమాట లేకుండా చేశాడు. రెండు వందల మీటర్లు ఈదాడు, పది నిమిషాలు తేలాడు, పరీక్ష రాశాడు, సముద్రంలో నాలుగు డైవ్‌లు చేశాడు. 1966లో అమెరికాలో పుట్టిన ప్యాడీ సంస్థ వారి ఓపెన్ వాటర్ కార్డు చేతికొచ్చింది. ఆ కార్డుతో ఎక్కడైనా 18 మీటర్ల దాకా దిగొచ్చు. ఆఫీసులో 'పద్దెనిమిది మీటర్లాయన' అన్న పేరు అప్పుడే పడింది. ఎగతాళికి పెట్టిన పేరని అతనికి ఇప్పటికీ తెలియదు.

నీళ్ల కింద మాట్లాడటం కుదరదు. రబ్బరు ముక్క పళ్ల మధ్య కరుచుకుని, గాలి తీస్తూ వదులుతూ పోవడమే. దిగిన ప్రతిసారీ మళ్లీ పైకొచ్చేదాకా ఇతను ఎవరికీ ఏమీ వివరించలేదు, ఇతణ్ణి ఎవరూ కాల్‌లోకి రమ్మనలేదు. అంత డబ్బు పోసి కొనుక్కున్నది ఆ మౌనాన్నేనని నా అనుమానం. కానీ అది ఇతనికి పడలేదు. అక్కడ మింగిన మాటలన్నీ వడ్డీతో సహా ఇక్కడ మన మీద తీరుస్తున్నాడు.

లిఫ్టులో మొదలవుతుంది. తలుపులు మూసుకోగానే ముక్కు పట్టుకుని బుగ్గలు పూరించి ఊదుతాడు. "ఈక్వలైజ్ చేస్తున్నా" అంటాడు, పక్కన నిలబడ్డ హౌస్‌కీపింగ్ అమ్మతో. ఆమె పాపం జలుబనుకుని మిరియాల పాలు తాగమంటుంది. పది మీటర్లు దిగితే పైనున్న గాలి ఒత్తిడికి అంతే ఒత్తిడి తోడై రెట్టింపు అవుతుందని, ఇరవైకి మూడు రెట్లని, చెవి లోపలి గాలి నలిగి కర్ణభేరి లోపలికి పోటెత్తుతుందని ఎనిమిదో అంతస్తు వచ్చేలోగా చెప్పేస్తాడు. అంతా నిజమే. కాకపోతే ముక్కు పట్టుకుని ఊదడమనేది దిగేటప్పుడు చేసే పని, ఎక్కేటప్పుడు చేయకూడదు. లిఫ్టులో అడిగేవాళ్లు లేరు కాబట్టి రెండు వైపులా చేస్తాడు.

అసలు గొడవ బొటనవేలితో వచ్చింది. డైవింగ్‌లో బొటనవేలు పైకెత్తితే 'బాగుంది' అని కాదు, 'ఇక పైకి పోదాం' అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. కొత్తవాళ్లు నీళ్ల కింద రంగురంగుల చేపల్ని చూసి సంబరంగా బొటనవేలు ఎత్తడం, ఇన్‌స్ట్రక్టర్ వెంటనే వాళ్లను పైకి తీసుకుపోవడం రోజూ జరిగేదే. ఇది అతని మనసులో ఎంత లోతుకు నాటుకుందంటే, టీం గ్రూపులో ఎవరు బొటనవేలు పెట్టినా ఊరుకోలేడు. ఒక శుక్రవారం రాత్రి పదకొండింటికి రిలీజ్ అయిపోయింది. అమెరికాలోని పెద్దమేనేజర్ సంతోషపడి బొటనవేలు పెట్టాడు. దాని కింద ఇతను, "సర్, ఇది అసెండ్ సిగ్నల్. ఓకే అనాలంటే సున్నా పెట్టండి" అని రాశాడు. పెద్దమేనేజర్ సున్నా పెట్టాడు. అది తమకిచ్చిన రేటింగ్ అనుకుని టీం అంతా శని, ఆదివారాలు నిద్రపోలేదు.

రీఆర్గ్ జరిగిన రోజు క్లౌన్‌ఫిష్ కథ చెప్పాడు. నెమో సినిమా చేపే. ఆ చేపల గుంపులో పెత్తనం ఆడచేపది. అది పోతే రెండో స్థానంలో ఉన్న మగచేప ఆడచేపగా మారిపోయి కుర్చీ ఎక్కుతుంది. ఆ రోజే ఆ కథ చెప్పాలా అని ఎవరూ అడగలేదు. రెండో స్థానంలో ఉన్నాయన మాత్రం భోజనం సగంలో వదిలేసి లేచిపోయాడు.

చేపల విషయం వచ్చింది కాబట్టి ఒక మాట. నీళ్లలో మాస్కు అద్దం గుండా చూస్తే చేప అసలు పరిమాణం కన్నా దాదాపు మూడోవంతు పెద్దగా కనిపిస్తుంది. అది వెలుగు వంగడం వల్ల, భౌతికశాస్త్రం. మిగతా పెరుగుదల గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద, ఆఫీసు క్యాబులో జరుగుతుంది. బయల్దేరినప్పుడు మూరెడున్న గ్రూపర్, విప్రో సర్కిల్ దాటేసరికి డ్రైవర్ సీటును ఆనుకుంటుంది. ఆ చేపలతో చుట్టరికం కుదిరాక అపోలో ఫిష్ ముట్టడం మానేశాడు. "వాటి కళ్లలోకి చూశాన్రా" అని చికెన్ అరవై ఐదు వైపు జరుగుతాడు. కొరమీను పులుసుకు మాత్రం మినహాయింపు ఉంది. అది మన తెలంగాణ రాష్ట్ర చేప, చెరువులో ఉంటుంది, దాంతో ఇతనికి పరిచయం లేదు.

కులాల పట్టింపు కూడా ఉంది ఇతనికి. ఎలిఫెంట్ బీచ్‌లో లైఫ్ జాకెట్ వేసుకుని, ముఖం నీళ్లలో పెట్టి గొట్టంతో ఊపిరి తీస్తూ పైపైన తేలే స్నార్కెల్ జనాన్ని మనుషుల్లో జమకట్టడు. వాళ్ల మీద ఒక మెట్టు, ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి సిలిండర్ పట్టుకుని పన్నెండు మీటర్లు మించకుండా తిప్పి తెచ్చే డిస్కవర్ వాళ్లు. వాళ్లను చూసి జాలిపడతాడు. ఆ పైన తను. తన పైన 30 మీటర్ల అడ్వాన్స్‌డ్ వాళ్లు ఉంటారన్న సంగతి ఎక్కడా చెప్పడు.

ఆ సంగతి మొన్న బయటపడింది. టీంలో కొత్తగా ఒక విశాఖపట్నం అమ్మాయి చేరింది. రుషికొండ దగ్గర దిగింది, విజయనగరం జిల్లా చింతపల్లి తీరంలో మునిగిన ఓడ దగ్గర కూడా దిగింది. అక్కడి నీళ్లు అండమాన్ నీళ్లంత తేటగా ఉండవు. అయినా దిగింది. ఇవేవీ చెప్పలేదు. మూడు వారాలు క్యాంటీన్‌లో ఇతని ఎదురుగా కూర్చుని అంతా విన్నది. ఒకరోజు పెరుగన్నం కలుపుకుంటూ అడిగింది.

"అన్నా, పైకొచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి కదా. నీటి కరెంటు గట్టిగా ఉంటే మీరు దేన్ని పట్టుకుని ఆగేవారు?"

"ఇన్‌స్ట్రక్టర్ ఉండేవాడు" అన్నాడు.

"అంటే, ఇన్‌స్ట్రక్టర్నే పట్టుకునేవారా?"

పిల్ల నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఆ రోజు మధ్యాహ్నమంతా ఇతను కోడ్ రాశాడు. నలుగురికీ కావలసిన పని, నెలల తరబడి ఆగిపోయి ఉన్నది, అయిపోయింది.

ఇతను చెప్పని కథ ఒకటి ఇంటావిడ దగ్గర ఉంది. అతను బజారుకు వెళ్లినప్పుడు చెబుతుంది. హావ్‌లాక్‌లో పడవ నడిపే మనిషితో మొదటి రోజంతా ఇంగ్లీషులో మాట్లాడాడట, అర్థం కాకపోతే హిందీలో. పడవ అంచున కూర్చుని సిలిండర్ బరువుతో వెనక్కి పల్టీ కొట్టి నీళ్లలో పడాలి. పడే ముందు ఇతను గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టి, కళ్లు మూసుకుని నరసింహస్వామిని తలుచుకున్నాడు. అప్పుడు ఆ పడవాయన, "బాబూ, ఊపిరి బిగబట్టీకు. తీస్తన్నే ఉండాల. మాస్కు మీద సెయ్యెట్టి ఎనక్కి పడిపో, నేనున్నాను కదా" అన్నాడు.

ఇతను కళ్లు తెరిచి "మీరు తెలుగా?" అన్నాడు. తాతలనాడు శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కుటుంబమట. ఇందులో వింతేం లేదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో వందకు పదమూడు మంది మాతృభాష తెలుగే. వింతల్లా ఇతని ప్రశ్న. "మరి మీరు దిగేటప్పుడు ఊపిరి బిగబట్టరా?" అని అడిగాడట. "మేం బిగబట్టే దిగుతాం బాబూ. మాది పైన పీల్సిన గాలి. నువ్వు కింద పీల్సీ గాలి వేరు, బిగబట్టి పైకొస్తే అది లోపల ఉబ్బిపోతాది" అన్నాడు పడవాయన. పుస్తకంలో ఒక అధ్యాయం పొడవునా రాసింది ఇదే. లోతులో సిలిండర్ నుంచి పీల్చిన గాలి ఒత్తిడి మీద ఉంటుంది, పైకొచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది, ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. ఈ ముక్క ఇతను ఇప్పుడు ఆఫీసులో అందరికీ చెబుతాడు, కాకపోతే ఇంగ్లీషులో. అందరికన్నా ముందు గాలి అయిపోయింది కూడా ఇతనికేనట. సిలిండర్లో 200 బార్‌లు నింపి పంపితే అరగంట తిరక్కుండానే ముల్లు 50 మీదికొచ్చింది. కంగారుపడేవాళ్లు గాలి ఎక్కువ లాగేస్తారు. అప్పట్నుంచి ఇంట్లో ఫోన్ ఛార్జింగ్, కారులో పెట్రోలు, పిండిడబ్బాలో పిండి, అన్నీ బార్‌లలోనే.

సామాన్లు కొన్నాడా అంటే కొన్నాడు. మాస్కు, ఫిన్‌లు, నల్లటి వెట్‌సూట్ అటక మీద మారథాన్ బూట్ల పక్కన ఉన్నాయి. అపార్ట్‌మెంట్ ఈతకొలనులో ఒకసారి ఫిన్‌లు వేసుకుని దిగితే, నాలుగడుగుల లోతులో పిల్లలు జడుసుకున్నారని అసోసియేషన్ నోటీసు పెట్టింది. ఇక వానొస్తే రోడ్ల మీద నిలిచే నీళ్ల జోకు ఎటూ అందరూ వేస్తున్నారు, మనం వదిలేద్దాం.

మళ్లీ వెళ్తాడట, అండమాన్ సీజన్ అయిపోకముందే. సెలవు అర్జీ పెట్టాడు. వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవాలి, లేకపోతే గాలి ఒత్తిడి తగ్గగానే బుడగలు కడుతుంది. కాబట్టి సోమవారం కూడా కావాలి. కారణం అన్నచోట 'శరీరమున నైట్రోజన్ మిగిలియుండుట' అని రాశాడు. హెచ్‌ఆర్ వాళ్లు ఇది సిక్ లీవా, క్యాజువల్ లీవా అని మూడు రోజులుగా తర్జనభర్జన పడుతున్నారు. మేనేజర్ మాత్రం బొటనవేలు పెట్టాడు. పైకి రమ్మన్నారో, పొమ్మన్నారో అక్షరాల్లో రాసి పంపమని ఇతను తిరిగి మెయిల్ పెట్టాడు.

సూర్యాపేట నుంచి తల్లి వచ్చిందని ఆదివారం ఇంటికి వెళ్తే, ఫోటోలు చూపిస్తున్నాడు. ఫోటోలో మాస్కు ముఖం సగం మింగేస్తే రెగ్యులేటర్ మిగతా సగం మింగింది, ఎవరు ఎవరో తెలియదు. చెయ్యి చూసి పోల్చుకుంది ఆవిడ. యాదగిరిగుట్టలో తను కట్టిన దారం ఉంది మణికట్టుకు. కళ్లజోడు సవరించుకుని దగ్గరగా చూసింది.

"అరే, నేను కట్టింది ఎర్రదారం గదరా. గీ నల్లదారం ఎవలు కట్టిండ్రు నీకు?"

దొరికిందే సందు. అది అదే దారమని, నీళ్లలో దిగేకొద్దీ వెలుతురులోని రంగులు ఒకటొకటే ఇంకిపోతాయని, అన్నిటికన్నా ముందు పోయేది ఎరుపేనని, పది పన్నెండు మీటర్ల దగ్గర ఎర్రటి వస్తువు నల్లగానే కనబడుతుందని, అక్కడ వేలు కోసుకుంటే నెత్తురు కూడా ఆకుపచ్చగా కనిపిస్తుందని, లైటు వేస్తే మళ్లీ ఎరుపు తిరిగొస్తుందని అరగంట చెప్పాడు. సోఫాలోంచి లేచి, రెండు చేతులతో లోతు చూపిస్తూ చెప్పాడు.

ఆవిడ ఓపిగ్గా విని, "రంగు పోదని గదరా గుట్టకాడ అమ్మినోడు చెప్పింది" అంది.

"రంగు పోలేదమ్మా, వెలుతురు..."

"సరే తియ్. నల్లగుంటేనే మంచిది, దిష్టి తాకదు" అని ఫోన్ అతని చేతికిచ్చి, బియ్యం ఏరుకోవడానికి లేచింది.