నేను దోణిని

మీ భాషలో దోనె అనే మాట ఉంది. మాల్దీవుల్లో నన్ను దోణి అంటారు. ఈ రెండు పేర్లూ ఒకే తల్లి పిల్లల్లా లేవూ? నేను కొబ్బరిచెక్క పడవను. పొడవాటి ఒళ్లు, చివర నెలవంకలా వంపు తిరిగి పైకి లేచిన ముక్కు. ఆ ముక్కు చూసే జనం నన్ను దూరాన్నుంచి గుర్తుపట్టేవారు. ఇప్పుడది నా ఒంటి మీద లేదు.

మా దేశంలో నేల బహు తక్కువ. దాదాపు 1,200 దీవులున్నా అన్నీ కలిపి 300 చదరపు కిలోమీటర్లకు మించవు. జనం కాపురముండేవి 200 లోపే. ఆ దీవులు పగడపు దిబ్బల మీద దండల్లా గుండ్రంగా చేరి ఉంటాయి. ఒక్కో దండను మా దివేహి భాషలో అతొళు అంటారు. ఇంగ్లీషులోని అటోల్ ఇక్కణ్నుంచి వెళ్లిన మాటే. మీరు చేతిలో చిల్లిగవ్వ లేదంటారే, ఒకప్పుడు బెంగాల్ బజార్లలో డబ్బుగా చెల్లిన గవ్వలు మా తీరాల్లో ఏరినవే. 1343లో ఇక్కడికి వచ్చిన ఇబ్న్ బతూతా ఆ గవ్వల వ్యాపారం గురించీ మా కొబ్బరి నారతో ఓడల పలకలు కుట్టడం గురించీ రాసి పెట్టాడు. ఇలాంటి దేశంలో పెళ్లివారైనా, పురిటినొప్పుల మనిషైనా, బియ్యం బస్తా అయినా నీళ్ల మీదే కదలాలి. ఆ దారిన అందర్నీ మోసినవాళ్లం మేము.

నేను పుట్టింది 1986లో, రా అతొళులోని అలిఫుషి దీవిలో. పడవలు కట్టే వడ్రంగులకు పేరుపడ్డ ఊరది. పెద్దవడ్రంగి కాగితం మీద ఒక్క గీత గీయలేదు. కంటితోనే కొలిచాడు. కొబ్బరి పలకలు, రాగి మేకులు, అతుకుల్లో కొబ్బరి పీచు, ఒంటికి సొరచేప కాలేయపు నూనె. నీళ్లలోకి దించే రోజు ఊరంతా తాడు పట్టి పాడుతూ లాగింది. ఆ పాట ఇంకా నా పలకల్లో ఉంది.

మొదట సూర చేపల వేటకు వెళ్లాను. ఎర చేపలు బతికుండాలని నా కడుపులో సముద్రపు నీళ్లు నింపేవారు. కర్రకు కట్టిన గాలంతో ఒక్కో చేపనూ పైకి లాగేవారు. నా సరంగు గడియారం కంటే నకైని నమ్మేవాడు. నకై అంటే మీ కార్తే. మీకులాగే 27, ఒక్కోటీ 13, 14 రోజులు. మీ పల్లెల్లో రోణి కార్తె అంటారు, మాకది రోణు. మీ ఆరుద్ర మాకు అద. మీ రైతు కార్తె చూసి విత్తనం తీస్తాడు, మా సరంగు నకై చూసి లంగరు తీస్తాడు. నైరుతి గాలి పట్టే రోజులు, సముద్రం అద్దంలా నిలిచే రోజులు అతని నాలుక మీద ఉండేవి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు నెమ్మదిగా ఉంటాయని ఇప్పుడు పర్యాటకులకు చెబుతున్నారు. అది మా తాతల నాటి లెక్క.

పర్యాటకులు రావడం నా పుట్టుకకు ముందే, 1972లో మొదలైంది. ఆ ఏడాదే కురుంబ అనే మొదటి విడిది తెరిచారు. కురుంబ అంటే మా భాషలో కొబ్బరి బోండాం. పగడపు రాతి గోడలు, కొబ్బరాకు కప్పు. దిగడానికి సరైన రేవు కూడా లేక వచ్చినవాళ్లు మోకాలి లోతు నీళ్లలో నడిచి ఒడ్డెక్కారని పాత దోణులు చెప్పేవి. 1981లో హుల్హులె దీవి మీది విమానాశ్రయం అంతర్జాతీయమైంది. ఆ దీవికీ రాజధాని మాలెకూ మధ్య పడవలో పది నిమిషాల నీళ్లు. నా వేట రోజులు ముగిశాక నన్ను ఆ పది నిమిషాల దారికి కొన్నారు. పైన కప్పు వేశారు, ఇరుపక్కలా బల్లలు బిగించారు.

ఆ ఏళ్లే నా బతుకులో మహర్దశ. విమానం దిగిన మనిషి మాలె వెళ్లాలంటే ముందు నా మీదే అడుగు పెట్టాలి. బూట్ల కాలు ఊగే పలక మీద మోపడానికి జంకితే సరంగు చెయ్యి అందించేవాడు. దేశాధినేత స్వాగతం పలికినా ఆ చేతికి సాటి రాదు. ఇంజను హోరులో కబుర్లాడుతూ ఎక్కినవాళ్లు నీళ్ల రంగు చూసి ఒక్కసారి మాట మరిచిపోయేవారు. నా మీద ఒకే బల్లపై విదేశీ దంపతులూ, వాళ్ల పక్కన కూరగాయల బుట్టతో మాలె ముసలమ్మా కూర్చునేవారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా, తుంపర పడితే ఒకే పరదా అందరి మీదికీ లాక్కునేవారు.

అందరూ అలా వచ్చేవారు కాదు. చాలామంది విమానం దిగి నీటి విమానం ఎక్కి నేరుగా తమ విడిది దీవికి వెళ్లిపోయేవారు. నీటి విమానం పగటిపూటే ఎగురుతుంది. పొద్దుగూకాక దిగినవాళ్లు ఆ రాత్రికి ఆగిపోవాలి. వారం రోజులు ఒకే దీవిలో ఉండి, మా ఊరి బడి గంట వినకుండా, 1658లో పగడపు రాయి చెక్కి కట్టిన మాలె పాత మసీదు చూడకుండా తిరిగి వెళ్లేవారిని చూస్తే నాకు దిగులేసేది. అంత దూరం వచ్చారు, మా దేశం మాత్రం చూడలేదు.

2009 తర్వాత కాపురాలున్న దీవుల్లోనూ అతిథి గృహాలు పెట్టుకోనిచ్చారు. మాఫుషి లాంటి ఊళ్ల వీధుల్లోకి ప్రయాణికులు నడిచి వచ్చారు. మాలె నుంచి అక్కడికి ఊరి ఫెర్రీలో గంటన్నర, స్పీడుబోటులో అరగంట పైచిలుకు. డబ్బు తక్కువున్నవాళ్లకూ సముద్రం దక్కింది. ఫెర్రీలో వచ్చేవాళ్లు తెలుసుకోవలసినవి కొన్నే. శుక్రవారం మాకు జుమ్మా, మామూలుగా ఫెర్రీ కదలదు. ఆ సంగతి తెలియక రేవులో పెట్టె మీద కూలబడి, విమానం తప్పిపోతుందని ఏడ్చినవాళ్లను చూశాను. ఊళ్లో నిండుగా బట్టలు కట్టుకోవాలి, మద్యం ఉండదు. ఈత బట్టలకు వేరే తీరం ఉంటుంది. పగడాన్ని కాలితో తొక్కకూడదు. అది రాయి కాదు, ప్రాణి. 1998లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లగా పాలిపోయినప్పుడు వాటి మీదుగా వెళ్లాను. కింద శ్మశానంలా ఉంది.

2010లో సొరచేపల వేట నిషేధించారు. నా ఒంటికి పట్టించిన నూనె ఆ చేపలదే. అయినా ఆ కబురుకు నేను సంతోషించాను. ఇప్పుడు వాటిని బతికుండగా చూడ్డానికే జనం వస్తున్నారు.

2018 ఆగస్టులో మాలెకూ హుల్హులెకూ వంతెన వేశారు. వంతెన మీద నాకు కోపం లేదు. వాన గాలిలో రేవులో కాచుకునే ఉద్యోగులకు ఆ తిప్పలు తప్పాయి. కానీ నా పది నిమిషాల దారి టాక్సీల పాలైంది. నన్ను దక్షిణాన ఒక దీవిలోని అతిథి గృహం యజమానికి అమ్మేశారు. అతిథులను ఇసుక తిన్నెలకు తిప్పడం నా కొత్త పని.

2019లో ఒక రోజు కోనసీమ నుంచి ఒక పెద్దాయన కూతురితో, అల్లుడితో వచ్చాడు. పిల్లలిద్దరూ ముక్కు దగ్గర ఫోటోలు తీసుకుంటుంటే ఆయన నా అంచు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నిమిరాడు.

"అమ్మాయ్, ఇలా రా. ఇది కొబ్బరి చెక్కే. మన దొడ్లో దూలానికి వేసిందే."

"పడవ కూడా కడతారా నాన్నా దాంతో?"

ఆయన సరంగు వైపు తిరిగి, నన్ను చూపిస్తూ ఏమంటారని సైగ చేశాడు. సరంగు "దోణి" అన్నాడు.

"దోనె! మన దోనేనమ్మా!"

ఆయన మొహం వెలిగిపోయింది. దిగేముందు ఎడమపక్క, ముందు నుంచి మూడో పలక అతుకులో పీచు బయటికి వేలాడటం చూశాడు. వంగి, దాన్ని బొటనవేలితో లోపలికి నొక్కి, గోటితో మళ్లీ మళ్లీ కూరాడు. పీచు పని తెలిసిన చెయ్యి అది. ఎన్ని వేల మందిని మోశానో, నా గాయం చూసింది ఆయనొక్కడే.

2020 మార్చి చివర్లో దేశం తలుపులు మూసుకుంది. నన్ను ఒడ్డుకు లాగి ఇసుక మీద వదిలేశారు. తాడు పట్టే ఊరు లేదు, పాట లేదు, నలుగురు కూలీలు. పైన కొబ్బరాకు పాక వేసుంటే బతికేదాన్ని. వేయలేదు. చెక్క పడవకు తడి ప్రాణం. ఎండకు పలకలు ముడుచుకుని అతుకులు నోళ్లు తెరిచాయి. వాననీళ్లు అడుగున నిలిచి కుళ్లు పట్టించాయి. రోజుకో బకెట్ ఉప్పునీళ్లు పోసి, వాననీళ్లు తోడి పోస్తే చాలు. యజమాని రోజూ నా పక్కనుంచే నడిచి వెళ్లేవాడు. మొదట్లో ఆగి చూసేవాడు. తర్వాత చూపు తిప్పుకునేవాడు. ఆ తర్వాత తిప్పుకోవలసిన అవసరం కూడా అతనికి లేకపోయింది.

జులైలో పర్యాటకులు మళ్లీ వచ్చారు. నా బదులు ఫైబర్ స్పీడుబోటు వచ్చింది. దానికి పీచు అక్కర్లేదు, నూనె అక్కర్లేదు. అతని ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ముప్పై ఏళ్లకు పైగా చేసిన చాకిరీకి ఒక పాక దక్కలేదన్నదే నా బాధ.

నా ముక్కు ఊడదీసి మళ్లీ తగిలించేలా చేసింది. దాన్ని ఊడదీసి, వార్నిష్ పూసి, అతిథి గృహం హాల్లో నిలబెట్టారు. వచ్చినవాళ్లు దాని పక్కన ఫోటోలు దిగుతారు. ఒళ్లేమో ఇక్కడ, దీవి వెనకపక్క. పిల్లలు నా మీదెక్కి ఆడుకుంటారు. పాత సరంగు శుక్రవారం నమాజు తర్వాత వచ్చి, చుక్కాని ఉండే చోట కూర్చుంటాడు. మనవరాలికి నకైల పేర్లు వల్లె వేయిస్తాడు. అస్సిద, బురును, కెతి, రోణు... ఆ పిల్ల నా పలకలు ఒక్కోటీ తడుతూ లెక్కపెడుతుంది.

పున్నమికి పోటు ఎక్కువగా ఉంటుంది. ఆ రాత్రి నీళ్లు నా దాకా వస్తాయి. అతుకుల్లో పాత పీచు ఒక్కో పోచా రాలి వాటితో వెళ్లిపోతుంది. ఎడమపక్క మూడో పలక దగ్గర మాత్రం, బొటనవేలంత మేర, నీళ్లు ఇంకా లోపలికి రాలేదు.