పుష్కరాల లాండ్రీ: ఆరు అమూల్య సలహాలు

2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రి లాడ్జీల్లో దుప్పటి ఆరేలోపే ఇంకో యాత్రికుడు దిగుతాడు. లాండ్రీ పెట్టేవారు ఈ చిట్కాలను తు.చ. తప్పకుండా పాటించాలి.

1. నురగే ఉతుకు. మిషన్ అద్దంలోంచి బట్ట కనిపించిందంటే పొడి చాలలేదన్నమాట. ఇంకో డబ్బా గుమ్మరించండి. నురగ పరుపులా పరుచుకుంటే బట్టలకు దెబ్బ తగలక మురికి వదలదంటారు. బట్టకు దెబ్బ తగలకపోతే మంచిదేగా!

2. తోకల లెక్క మనకొద్దు. మురికిని వదిలించే సర్ఫాక్టెంట్ అణువుకు నీళ్లను ఇష్టపడే తల, జిడ్డును పట్టే తోక ఉంటాయట. తోక మరీ పొట్టిదైతే జిడ్డును పట్టలేదు, మరీ పొడుగైతే చన్నీళ్లలో కరగదు. అందుకే డిటర్జెంట్లలో వాడే సర్ఫాక్టెంట్ యాసిడ్ స్లర్రీ తోకలో 10 నుంచి 13 కార్బన్లు ఉంటాయి. మీరు మాత్రం డబ్బా మీద మల్లెపూల బొమ్మ చూసి కొనండి.

3. నీళ్లన్నీ ఒకటే. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం యాసిడ్ స్లర్రీ తలను పట్టుకుని పని చెయ్యనివ్వవు. నాన్ అయానిక్ రకం సర్ఫాక్టెంట్ తలకు ఆవేశం ఉండదు కనుక ఆ నీళ్లను తట్టుకుంటుంది, పులస పులుసు నూనెనూ వదిలిస్తుంది. కానీ నురగ తక్కువ. ఒకటో సలహా ప్రకారం నిషిద్ధం.

4. సబ్బు, సాఫ్ట్‌నర్ ఒకేసారి పొయ్యండి. సబ్బు తలది ఋణావేశం, సాఫ్ట్‌నర్ తలది ధనావేశం. అప్పులవాడికి డబ్బున్న సంబంధం కుదిర్చినట్టే. పెళ్లయ్యాక ఇద్దరూ పని మానేస్తారు.

5. రేవులో పెద్దవాళ్లను అడక్కండి. చవుడు ఎంత, ఉబ్బ ఎంతసేపు, పట్టుచీరకు కుంకుడు రసం ఎందుకు అన్నీ చెప్పేస్తారు. కుంకుడులోని సపోనిన్‌కూ తలాతోకా ఉన్నాయని తెలిస్తే మన డబ్బాకు విలువేముంటుంది?

6. వాడిన నీళ్లు నేరుగా గోదాట్లోకి. వెనకటికి తోకకు కొమ్మలున్న డిటర్జెంట్లను సూక్ష్మజీవులు సరిగా తినలేకపోతే పశ్చిమ దేశాల నదులు నురగ కక్కాయి. 1960ల్లో నిటారు తోకలకు మారారు. ఈ నిటారు తోకను తినడానికైనా సూక్ష్మజీవులకు కొంత వ్యవధి కావాలి. మనకంత తీరికెక్కడిది, వదిలెయ్యండి. యాత్రికులు ఆ నురగలోనే మూడు మునకలేస్తారు. తుడుచుకోడానికి లాడ్జీలో మనం ఉతికిన తువ్వాలు ఉండనే ఉంది. తుడుచుకున్నాక అది మళ్లీ మన దగ్గరికే వస్తుంది.