వాసెన కట్టని జాడీ

మా ఇంట్లో దేవుడి గది అంటే పై అంతస్తులో బట్టలు తగిలించుకునే క్లోజెట్. మినియాపొలిస్‌లో మాలాంటి వాళ్లం చేసుకునే సర్దుబాటు అది. దాని కప్పులోనే ఆటిక్‌లోకి, అంటే పైకప్పు కింది అటకలోకి, ఎక్కే దారి: 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు, దానిమీద ఊరికే ఆనించిన ఓ పలక. అగరుబత్తి వెలిగిస్తే పొగ తిన్నగా లేచి, ఆ పలక ఈశాన్యం మూలకు పోయి మాయమయ్యేది. "చూశావా, ఈశాన్యం ఎలా లాగుతోందో!" అని మా ఆవిడకు గొప్పగా చూపించాను. నేను ఇంజనీర్ని. సిగ్గుగా ఉన్నా ఆ మాట చెప్పక తప్పదు.

ఆ చలికాలం అమ్మ వచ్చింది. బయట మైనస్ 20 ఫారెన్‌హీట్. కింది గదిలో పడుకుని, "కాళ్ల దగ్గర గాలి కొడుతోందిరా" అంటే, "థర్మోస్టాట్ 72 చూపిస్తోందమ్మా. వయసు మీద పడితే అలాగే ఉంటుంది" అన్నాను. అయినా కొడుకునే కదా, కిటికీలకు ప్లాస్టిక్ కాగితం అంటించాను. అప్పటికీ తగ్గకపోతే, వేల డాలర్లు పోసి ఆటిక్ నిండా గాజు పీచు ఊదించాను. చలి తగ్గలేదు.

ఒకరోజు పూజ చేసుకుంటూ అమ్మే పిలిచింది. "అది ఈశాన్యం కాదురా, సందు. పైనుంచి వేడిగాలి పోతూ ఉంటే, ఆ మేరకు కిందనుంచి చలిగాలి రాదూ? మన పాత వంటింటి పొగగూడు ఇంతేగా!"

నిచ్చెన వేసుకుని పలక ఎత్తాను. దానిమీద ఎప్పటినుంచో పరిచి ఉన్న పాత పీచు అంచులు నల్లబడి ఉన్నాయి. బూజేమో అనుకున్నాను. కాదు, ఇన్నేళ్లుగా ఇంట్లో గాలిని వడకట్టి పట్టుకున్న దుమ్ము. పీచు వేడిని ఆపుతుంది గానీ గాలిని ఆపదు. అల్లిక స్వెటర్ వేసుకుని బండి మీద పోతే తెలియడం లేదూ? కాగితం మీద లెక్క వేశాను. చుట్టుకొలత 104 అంగుళాలు, సందు పావంగుళం. అంటే 26 చదరపు అంగుళాలు. ఇంటి నెత్తిన ఇటుక దూరేంత కంత పెట్టుకుని కిటికీలకు కాగితాలు అంటించానన్నమాట.

పలక ఆనే అంచు చుట్టూ ఫోమ్ పట్టీ అంటించాను. పలక దానిమీద తేలిందే తప్ప పొగ ఆగలేదు. అమ్మ కిందనుంచి చూసి, "జాడీకి మూత పెడితే చాలా? వాసెన కట్టద్దూ?" అంది. అప్పుడు తట్టింది. పలకను కిందికి లాగి బిగించే గొళ్లేలు రెండు వేశాను. పట్టీ నలిగి సందు మూసుకుంది. పలక వీపుకు గట్టి ఫోమ్ అట్ట అతికించాను. అన్నీ కలిపి 30 డాలర్లయ్యాయి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తాను.

ఇప్పుడు పొగ పైకి పోవడం లేదు. అక్కడే సుడులు తిరిగి నా ఆఫీసు చొక్కాలకు పడుతోంది. మొన్న భోజనానికి వచ్చిన స్నేహితులు వాసనేమిటని అడిగితే, అమ్మ చెప్పిన పొగగూడు సంగతినే "స్టాక్ ఎఫెక్ట్ అని ఒకటుంది" అంటూ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. కనిపెట్టింది నేనే అనుకున్నారు వాళ్లు. కాదని అనలేదు. అమ్మ వింటూనే అందరికీ పెరుగు వడ్డించింది.

అమ్మ కాళ్లకు ఆరోజు మేజోళ్లు లేవు.