అరవైనాలుగు గళ్ల దొరా, నీకు జోహారు

1,84,46,74,40,73,70,95,51,615 అనే ఇరవై అంకెల దొరా, నీ వంశానికి సాటి వచ్చేదెవరు? చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక్క గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా అరవైనాలుగో గడి దాకా రెట్టిస్తూ పోయి, అన్నీ కూడితే నువ్వు. మా పెద్దలు నీ అంకెలకు శశి, వేదం, గిరి అని మారుపేర్లు పెట్టి చంపకమాలలో బిగించారు, కుడి నుంచి ఎడమకు చదువుకోమన్నారు. అంత మర్యాద దక్కిన లెక్క తెలుగులో మరొకటి నాకు తెలియదు.

నీ ఆకలీ గొప్పదే. జొన్నగింజ 25 మిల్లీగ్రాములనుకుంటే నీ కడుపు నిండడానికి 46 వేల కోట్ల టన్నులు కావాలి. లోకమంతా పండించే తిండిగింజలను నూటయాభై ఏళ్ల పాటు నీకే కొలిచిపోయాలి. పత్తికొండ మెట్టచేలూ రాయచోటి గుట్టనేలలూ నీ పంటికిందికి కూడా రావు.

ఇక నీ మాట నిలకడ! ఏ గడి దగ్గర ఆగి కూడినా, అప్పటిదాకా పోసిందంతా తరువాతి గడికి సరిగ్గా ఒక్క గింజ తక్కువ. మూడు గళ్లకు ఏడు, నాలుగో గడికి ఎనిమిది. పది గళ్లకు 1,023, పదకొండో గడికి 1,024. ఇన్నాళ్లూ పెట్టిందంతా రేపటి ఒక్క అడుగుకు చాలదని, వానలేక బుడ్డలు మాడిపోయిన సేద్యగానికి ఇంత కచ్చితంగా చెప్పినవాళ్లు లేరు. నూటికి మూడు రూపాయల నెలవడ్డీని చక్రవడ్డీగా తిప్పితే రెండేళ్లకొక గడి దాటుతావు. వంద రూపాయల అప్పు పదేళ్లలో మూడువేలు దాటుతుంది. చేను కదలదు, నువ్వు ఆగవు.

రెట్టింపులతోనే పెరిగి కూడా నువ్వు బేసివి, ఇద్దరన్నదమ్ములు నిన్ను సమంగా పంచుకోలేరు. 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417 అనే ఏడు ప్రధాన సంఖ్యలు నీ కొలువులో ఉన్నాయి. వాటిలో 641, 67,00,417 చేతులు కలిపి ఫెర్మా అంతటివాడినే బోల్తా కొట్టించాయి. వాటి లబ్ధం విడదీయరాని సంఖ్య అని ఆయన నమ్మాడు. 1732లో ఆయిలర్ విడదీసి చూపేదాకా నీ గుట్టు బయటపడలేదు.

నీ ముందు మావాళ్లు చిన్న లెక్కల మనుషులు. 1866 డొక్కల కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి, గాదెలు తరిగిపోతున్నా ఆకలితో వచ్చినవాళ్లకు అన్నం పెట్టించాడు. గింజ తరగడమే తప్ప రెట్టింపు కావడం ఆయన లెక్కలో లేదు. 1938లో మద్రాసు ప్రభుత్వం రైతుల ఊరట కోసం తెచ్చిన చట్టమూ అంతే. అసలు, వడ్డీ కలిపి అసలుకు రెండింతలు కట్టిన రైతు అప్పు పూర్తిగా తీరినట్టే అంది. అరవైనాలుగు గళ్లు ఏలే దొరవు, నిన్ను రెండో గడి దాటనివ్వలేదు. కోర్టు గడప ఎక్కని నోటిమాట అప్పుల్లో మాత్రం మూడో గడీ నాలుగో గడీ ఇంకా నీవే.