చిత్తకు రెండు ఓట్లు

గాయకుడు పోయిన మర్నాడు మన పత్రికల్లో నక్షత్రమైపోతాడు. శీర్షికలో నింగికెగిసిన తార, కింద మేఘాల మధ్య ఫోటో, చుట్టూ నాలుగు చుక్కలు. అదంతా మాటవరసకేనని రాసినవాడికీ తెలుసు, చదివినవాడికీ తెలుసు. రాత్రి డాబా ఎక్కి ఆ తార ఎక్కడుందా అని ఎవరూ వెతకరు. ఈపాటి ఇంగితం కూడా అక్కర్లేదని 2016లో దేశదేశాల పత్రికలు కలిసికట్టుగా నిరూపించాయి.

ఆ ఏడాది జనవరి 10న ఇంగ్లండు గాయకుడు డేవిడ్ బోవీ కన్నుమూశాడు. కొద్దిరోజులకే ఆయనకంటూ ఒక కొత్త నక్షత్ర మండలం వచ్చిందన్న వార్త ఖండాలు దాటింది. జరిగిందేమిటంటే, బెల్జియంలో స్టూడియో బ్రసెల్ అనే రేడియో, మీరా అనే వేధశాల కలిసి ఏడు నక్షత్రాలను గీతలతో కలిపాయి. ‘అలాడిన్ సేన్’ ఆల్బమ్ అట్ట మీద బోవీ ముఖాన ఉన్న మెరుపు గుర్తు వచ్చింది. అభిమానంతో గీసుకున్న బొమ్మ. అక్కడితో ఆగితే ముచ్చటే. కానీ వార్తల్లోకి వచ్చేసరికి అది ‘నమోదు’ అయిపోయింది. ఎక్కడ నమోదైంది, ఎవరు నమోదు చేశారు అని అడిగే తీరిక ఎవరికీ లేదు. ఆకాశానికో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఉందనుకున్నారు కాబోలు. నక్షత్ర మండలాలు 88 అని అంతర్జాతీయ ఖగోళ సంఘం 1922లోనే లెక్క తేల్చేసింది. 89వ దానికి దరఖాస్తు పెట్టుకునే కిటికీ లేదు.

అసలు తమాషా ఆ ఏడింటి జాబితాలో ఉంది. పత్రికల్లో అచ్చయిన ప్రకారం అందులో ఒకటి స్పైకా, ఇంకొకటి ఆల్ఫా వర్జినిస్. రెండూ ఒక్కటే! మన కన్యారాశిలోని చిత్త, చైత్ర మాసానికి పేరిచ్చిన చిత్త. ఓటర్ల జాబితాలో ఇంటిపేరు మార్చుకుని ఒకే మనిషి రెండుచోట్ల కనబడ్డట్టు, చిత్త దర్జాగా రెండు ఓట్లు వేసి వెళ్లింది. ఖగోళ శాస్త్రం పుస్తకం ఒక్కటి తిరగేసినా దొరికిపోయే తప్పు. సంపాదకులు మాత్రం పేర్లు లెక్కపెట్టుకుని తృప్తిపడ్డారు.

ఇంత హడావుడిలో మరుగునపడిన సంగతి ఒకటుంది. బోవీకి ఆకాశంలో నిజమైన చిరునామా అప్పటికే ఉంది. 342843 నంబరు గ్రహశకలానికి 2015 జనవరిలోనే, ఆయన బతికుండగానే, ఆయన పేరు పెట్టారు. దానికి ఇంత డప్పు మోగలేదు. ఎలా మోగుతుంది? ఆ పద్ధతి చూస్తేనే మన సన్మాన సంఘాలకు నీరసం వస్తుంది. శకలం కక్ష్య పక్కాగా తేలితే నంబరిస్తారు. పేరు సూచించే హక్కు కనిపెట్టినవాళ్లది. పేరు 16 రోమన్ అక్షరాలు దాటకూడదు. ఖగోళ సంఘం కమిటీ ఒప్పుకుంటే చిన్న వివరణతో ప్రకటిస్తారు. రుసుము లేదు, శాలువా లేదు, వేదిక మీద కుర్చీల కోసం తోపులాట లేదు. డబ్బు పుచ్చుకుని నక్షత్రాలకు పేర్లు రాసిచ్చే కంపెనీలు వేరే ఉన్నాయి. వాళ్ల బంగారు అంచు పత్రాన్ని ఖగోళ సంఘం లెక్కలోకి తీసుకోదు.

అన్నిటికన్నా ఘోరమైన నిబంధన మరొకటి. రాజకీయ నాయకుడి పేరు పెట్టాలంటే ఆయన పోయి 100 ఏళ్లు గడవాలట! జిల్లాకీ, విశ్వవిద్యాలయానికీ, పథకానికీ పేర్లు పెట్టి, మార్చి, మళ్లీ మార్చి చేయి తిరిగిన జాతికి ఇది ఎంత అవమానం!

క్వీన్ అనే రాక్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ విషయమూ చూడండి. 2016 సెప్టెంబరులో, ఆయన 70వ జయంతికి, 17473వ శకలానికి ఆయన పేరు పెట్టినట్టు క్వీన్ బృందంలో సహచరుడు బ్రయన్ మే ప్రకటించాడు. ఖగోళ భౌతిక శాస్త్రంలో డాక్టరేటు చేసిన మనిషి కాబట్టి, కనిపించేది చిన్న వెలుగు చుక్కేననీ, దానికీ మంచి టెలిస్కోపే కావాలనీ దాచకుండా చెప్పాడు. ఎవరి చెవికెక్కింది? సొంత వెలుగు లేని, మూడున్నర కిలోమీటర్ల రాయి అభిమానుల నోట ధగధగ మెరిసే తారైపోయింది.

మన సంగతికొద్దాం. హిందుస్తానీ గాయకుడు పండిట్ జస్రాజ్‌కు ఈ గౌరవం 2019లో, పోవడానికి ఏడాది ముందు దక్కింది. శకలం నంబరు 300128. ఆయన పుట్టినరోజు 28-01-30ని వెనకనుంచి చదివితే అదే. సంఖ్యాశాస్త్రం వాళ్లకు పండగ. ఇక వాట్సాప్‌లో పడితే శకలం కాస్తా గ్రహమవుతుంది, ఖగోళ సంఘం కాస్తా నాసా అవుతుంది. పైన ఏం జరిగినా నాసాయే చెయ్యాలని మనకో నమ్మకం.

ఆ జస్రాజ్ పెరిగింది హైదరాబాద్‌లో. తండ్రి మోతీరామ్ ఆఖరి నిజాం ఆస్థాన విద్వాంసుడు కావలసిన రోజునే, 1934లో, ఈ ఊళ్లోనే పోయారు. అప్పటికి జస్రాజ్‌కు నాలుగేళ్లు. పెద్దయ్యాక తండ్రి కోసం ఆయన ఏ రాయినీ వెతకలేదు. దశాబ్దాల పాటు ఏటా ఈ ఊరికొచ్చి, తండ్రి పేరిట సంగీతోత్సవం జరిపించి, తానూ పాడారు. సన్మానమంటే చేసేవాడికి కాస్త ఒళ్లు వంగాలి, కాస్త కాలం ఖర్చవ్వాలి.

మనకంత ఓపిక ఎక్కడిది? ఫార్వర్డ్ నొక్కడానికి అరసెకను చాలు, విలంబిత ఖయాల్ వినడానికి ముప్పావుగంట కూర్చోవాలి. కాబట్టి మహానుభావుల్ని ఈ శకలాలు తిరిగే చోటికి, కుజుడికీ గురుడికీ మధ్యకు, సాగనంపడమే మనకు అన్నివిధాలా సుఖం. అక్కడ పాడినా వినబడదు. శూన్యంలో శబ్దం ప్రయాణించదు కదా!